ఆపరేషన్‌లో ఆకుపచ్చ మందు, ప్రత్యేక కెమెరా: క్యాన్సర్ అంతా కనబడుతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మగారికి 58 ఏళ్లు, కుడి రొమ్ములో 1.8 సెం.మీ. గడ్డ, బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. నెల్లూరు నుంచి చెన్నై తీసుకొచ్చి గ్రీమ్స్ రోడ్డు దగ్గర లాడ్జిలో ఉంటున్నారు. ఒక హాస్పిటల్‌లో "ఆకుపచ్చ మందు ఇచ్చి, స్పెషల్ కెమెరాలో చూస్తూ ఆపరేషన్ చేస్తాం" అన్నారు. ఇంకో చోట "నీలం మందు చాలు" అన్నారు. కెమెరా ఉన్న చోట ఖర్చు ఎక్కువ. కెమెరా ఉంటే క్యాన్సర్ మొత్తం కనబడుతుందా, లేని చోట చేయిస్తే అమ్మకు అన్యాయం చేసినట్టా, ఇదీ మీ టెన్షన్. పైగా అమ్మగారికి రొయ్యలు పడవు, ఆ మందులో అయోడిన్ ఉందట.

నేను చెన్నైలో 18 ఏళ్లుగా క్యాన్సర్ ఆపరేషన్లు చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు వైపు మన తెలుగువాళ్లే. ఈ ప్రశ్న ఈమధ్య దాదాపు ప్రతి వారం వింటున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు అసలు సంగతి. రొమ్ము ఆపరేషన్‌లో వాడే ఆ ఆకుపచ్చ మందు క్యాన్సర్‌ను చూపించదు. క్యాన్సర్ బయటికి పోవడానికి వీలున్న దారిని చూపిస్తుంది. ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పకపోవడం వల్లే మీలాంటివాళ్లకు ఇంత కంగారు.

రొమ్ము నుంచి ఊటనీరు లాంటి ద్రవం, మేం లింఫ్ అంటాం, సన్నటి కాలువల్లో చంక వైపు పారుతుంది. చంకలో బిళ్లలు ఉంటాయి, అవే లింఫ్ నోడ్స్. గొంతు నొప్పి వచ్చినప్పుడు దవడ కింద బిళ్ల కట్టింది అంటామే, అలాంటివే. రొమ్ము నుంచి క్యాన్సర్ కణం చంక దారి పట్టిందంటే మామూలుగా మొదట ఒకటి రెండు బిళ్లల దగ్గరే ఆగుతుంది. వాటిని సెంటినల్ నోడ్ అంటారు. ఒకప్పుడు నెల్లూరు నుంచి చెన్నై వచ్చే ప్రతి లారీ తడ చెక్‌పోస్టు దగ్గర ఆగి తీరాల్సిందే కదా, ఇదీ అలాంటిదే. అక్కడ సరుకు దొరకలేదంటే లోపలికి పోలేదని చాలావరకు ధైర్యంగా ఉండవచ్చు.

ఈ చెక్‌పోస్టు బిళ్లను వెతకడం తెలియని రోజుల్లో చంకలోని బిళ్లలన్నీ తీసేసేవాళ్లం. అలా తీసినవాళ్లలో సుమారు 20 శాతం మందికి తర్వాత చేయి వాచిపోతుంది. బోదకాలు చూసే ఉంటారు, చేతికి అలాంటిది వచ్చిందనుకోండి. గాజులు పట్టవు, జాకెట్టు చేయి ఎక్కదు, బిందె ఎత్తలేరు. సెంటినల్ నోడ్ మాత్రమే తీస్తే ఆ వాపు 5, 6 శాతం మందిలోనే కనిపిస్తుంది. కాబట్టి ఆ ఒకటి రెండు బిళ్లలు ఏవో కచ్చితంగా పట్టుకోవడం చాలా ముఖ్యం. మందు నీలమైనా, ఆకుపచ్చైనా, రేడియోధార్మికమైనా ఉన్నది ఈ పని కోసమే.

నీలం అంటే మిథిలీన్ బ్లూ. చాలా చవక, మన దేశంలో ఎక్కడైనా దొరుకుతుంది. చనుమొన దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి, కాసేపు మర్దన చేసి, చంకలో చిన్న కోత పెట్టి నీలం రంగు పాకిన కాలువను వెతుక్కుంటూ వెళ్తాం. ఇబ్బంది ఏమిటంటే కోత పెట్టేదాకా ఏమీ కనబడదు, కొవ్వులో పావు అంగుళం లోతున్నా కనబడదు. రెండోది టెక్నీషియం అనే రేడియో ఐసోటోప్, అంటే రేడియోధార్మిక పదార్థం. గీగర్ మీటర్ లాంటి ప్రోబ్‌తో చప్పుడు విని వెతుకుతాం. ఏళ్ల తరబడి నిలిచిన పద్ధతి, కానీ న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉండాలి, టెక్నీషియం 6 గంటల్లో సగమైపోతుంది కాబట్టి టైము చూసుకుని తెప్పించుకోవాలి. మూడోదే మీకు చెప్పిన ఆకుపచ్చ మందు, ఇండోసయనీన్ గ్రీన్, ఐసీజీ.

ఐసీజీ కొత్తదేమీ కాదు. కోడాక్ పరిశోధనశాలలో పుట్టిన రంగు, మందులకు అనుమతినిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 1959లోనే దానికి అనుమతి ఇచ్చింది. గుండె ఎంత రక్తం పంపుతోంది, కాలేయం ఎలా పనిచేస్తోంది అని కొలవడానికి, కంటి రెటీనా ఫోటోలు తీయడానికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. రొమ్ము క్యాన్సర్‌లో సెంటినల్ నోడ్ కోసం దీన్ని జపాన్ సర్జన్లు 2005లో వాడి చూపించారు. కొత్తది మందు కాదు, దాని వెలుగును పట్టుకునే కెమెరా.

ఇక వెలుగు సంగతి. ఇవాళ రాత్రి లాడ్జి గదిలో లైటు తీసేసి, ఫోన్ టార్చి వేసి అరచేయి అడ్డం పెట్టి చూడండి. వేళ్లు ఎర్రగా వెలుగుతాయి. టార్చిలో అన్ని రంగులూ ఉన్నా నీలం, ఆకుపచ్చలను రక్తం మింగేస్తుంది, ఎరుపు ఒక్కటే దాటి వస్తుంది. ఎరుపు దాటి ఇంకా అవతలికి, అంటే 700 నుంచి 900 నానోమీటర్ల (వెలుగు తరంగం పొడవును కొలిచే ప్రమాణం) దాకా వెళ్తే రక్తం ఇంకా తక్కువ అడ్డుపడుతుంది. దాన్నే నియర్ ఇన్‌ఫ్రారెడ్ అంటారు. ఐసీజీ మీద 780, 800 నానోమీటర్ల వెలుగు పడితే అది 820, 830 దగ్గర తిరిగి వెలుగుతుంది. అది మన కంటికి కనబడదు, కెమెరాకు కనబడుతుంది. టీవీ రిమోట్‌ను ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో స్క్రీన్ మీద ఊదారంగు చుక్క మెరుస్తుంది, నేరుగా చూస్తే ఏమీ ఉండదు. ఆపరేషన్ థియేటర్లో మా పరిస్థితీ అంతే. స్క్రీన్ మీద కనబడే రంగు, ఆకుపచ్చైనా, తెలుపైనా, కంప్యూటర్ వేసినదే. ఇది ఎక్స్‌రే లాంటి రేడియేషన్ కాదు కాబట్టి "ఒంట్లో లైటు పడితే హాని లేదా" అన్న మీ భయం వదిలేయండి.

అది ఎలా ఉంటుందో చెప్తాను. అమ్మగారికి మత్తు ఇచ్చాక చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచున, చర్మం కిందనే, ఒక మిల్లీలీటరు కూడా లేని మందు పెడతాం. సిస్టర్ పైనున్న పెద్ద లైట్లు పక్కకు తిప్పేస్తుంది. గదిలో అందరూ స్క్రీన్ వైపు తిరుగుతారు. మొదట అక్కడ తెల్లటి మచ్చ ఒక్కటే ఉంటుంది. నిమిషం రెండు నిమిషాలు గడిచేసరికి ఆ మచ్చ నుంచి దారప్పోగు లాంటి గీత బయల్దేరుతుంది. చర్మం ఇంకా కోయలేదు, అయినా చంక వైపు మెల్లగా పాకుతూ వెళ్లడం కనబడుతుంది. చంక దగ్గరికి వచ్చి మాయమవుతుంది. అంటే అక్కడి నుంచి లోతుకు దిగింది. ఆ మాయమైన చోట పెన్నుతో గుర్తు పెట్టి, అక్కడే రెండు అంగుళాల లోపు కోత పెడతాను. ఇన్నేళ్లయినా ఆ గీత పాకడం చూసినప్పుడల్లా నాకు కాళ్లకింద నేల గట్టిపడ్డట్టు ఉంటుంది. ఎక్కడికి వెళ్తున్నానో తెలిసి వెళ్తున్నాను అన్న నిశ్చింత అది.

అయితే దీనికీ హద్దులున్నాయి. సుమారు ఒక సెంటీమీటరు కన్నా లోతున ఉంటే ఆ వెలుగు పైకి రాదు. చంకలో కొవ్వు ఎక్కువగా ఉన్నవాళ్లలో గీత తొందరగా మాయమవుతుంది. ఇంకొకటి నా అనుభవంలోంచి చెప్పాలి. కెమెరా కొత్తగా చేతికొచ్చిన రోజుల్లో, అప్పుడు నేను పనిచేసిన చోట, ఒకావిడకు మందు కాస్త ఎక్కువ పెట్టాను. తొందరపడి వెలుగుతున్న కాలువనే కత్తిరించాను. లోపలి మందు ఒలికి చంకంతా తెల్లగా మెరిసిపోయింది. ఏది బిళ్ల, ఏది కొవ్వు తేడా తెలియలేదు. గుడ్డలతో తుడిచాం, కడిగాం, లాభం లేకపోయింది. చివరికి కెమెరా పక్కన పెట్టి చేత్తో తడిమి ఐదు బిళ్లలు తీశాను, తీయాల్సింది ఒకటో రెండో. వాటిలో క్యాన్సర్ లేదు, ఆవిడ బాగానే ఉన్నారు. కానీ కొన్ని నెలలు చేయి బరువుగా ఉందని చెప్పినప్పుడల్లా అది నా పొరపాటు అని నాకు తెలుసు, ఆవిడకూ చెప్పాను. ఆ తర్వాత నుంచి ఐసీజీతో పాటు మిథిలీన్ బ్లూ కూడా పెడుతున్నాను. ఒకటి తప్పితే ఇంకొకటి ఉంటుంది.

కాబట్టి "కెమెరా ఉందా" అని అడగడం కన్నా "సెంటినల్ నోడ్ ఆపరేషన్లు మీరు ఎన్ని చేశారు, బిళ్ల దొరకకపోతే ఏం చేస్తారు" అని అడగడం మేలు. అనుభవం ఉన్న సర్జన్ చేతిలో నీలం మందు చాలా బాగా పనిచేస్తుంది. రెండు రకాల మందులు కలిపితే ఒక్కదాని కన్నా మేలు. కోల్‌కతా టాటా మెడికల్ సెంటర్ వాళ్లు 2020లో ప్రచురించిన పోలికలో ఐసీజీ, మిథిలీన్ బ్లూ జోడీ, రేడియో ఐసోటోప్ జోడీకి తీసిపోలేదు. మనలాంటి దేశానికి ఇది పెద్ద మాట, ఎందుకంటే న్యూక్లియర్ మెడిసిన్ లేని ఊళ్లే ఎక్కువ. ఢిల్లీ ఎయిమ్స్ సర్జన్లు ఇంకో మెట్టు దిగి, కంటి డాక్టర్లు వాడే చవకైన ఫ్లోరసీన్ రంగుతో, నీలి ఎల్‌ఈడీ లైటుతోనే ఈ పని చేసి చూపించారు. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు ఏ రంగూ అక్కర్లేకుండా చంక కింది భాగంలోని కొవ్వు, బిళ్లలు కలిపి తీసే పద్ధతిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. డబ్బు లేకపోతే మంచి వైద్యం లేదు అనుకోకండి. నీలం మందు ఉన్న చోట అనుభవం ఉన్న మనిషి ఉంటే నా సొంత అక్కనైనా అక్కడికి పంపుతాను.

గర్భాశయ క్యాన్సర్లలో మాత్రం ఆకుపచ్చదే స్పష్టంగా పైచేయి. 2018లో లాన్సెట్ ఆంకాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫిల్మ్ అనే ట్రయల్‌లో, అంటే రోగుల మీద చేసిన అధ్యయనంలో, తీసిన లింఫ్ నోడ్స్‌లో 97 శాతం ఐసీజీతో కనబడ్డాయి, నీలంతో 47 శాతమే. పొట్ట లోపల లోతుగా, సన్నటి గొట్టాల ద్వారా చేసే ఆపరేషన్ కదా, అక్కడ తేడా తెలుస్తుంది.

ఇక గడ్డ సంగతి. గడ్డ అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా అన్నది ఐసీజీ చెప్పదు. దాన్ని తేల్చేది పాథాలజిస్ట్, అంటే తీసిన ముక్కలను పరీక్షించే డాక్టర్, మైక్రోస్కోప్ కింద. మేం గడ్డ తీశాక దానికి దారాలతో గుర్తులు కట్టి పంపుతాం, ఏ వైపు పైది, ఏ వైపు పక్కది అని. అందుకే కొందరికి వారం పది రోజులకు రిపోర్టు వచ్చాక రెండోసారి ఆపరేషన్ పడుతుంది. ఇది డాక్టర్ తప్పు అనుకోకండి. అంచుల్లోని క్యాన్సర్‌నే వెలిగించే మందు కోసం పరిశోధన నడుస్తోంది. క్యాన్సర్ దగ్గర ఎక్కువగా ఉండే ఎంజైములు తాకితేనే వెలిగే పెగ్యులిసియానిన్ అనే మందును 2024 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ రొమ్ము ఆపరేషన్లకు అనుమతించింది. దాని ట్రయల్‌లో 357 మందిలో 27 మందికి, మామూలుగా ఆపరేషన్ అయిపోయిందనుకున్నాక కూడా మిగిలి ఉన్న క్యాన్సర్‌ను ఆ వెలుగు సాయంతో తీయగలిగారు. అది మంచి వార్తే. కానీ మిగిలిన క్యాన్సర్‌ను ఆ వెలుగు పట్టుకున్నది సుమారు సగం సార్లే. తీవ్రమైన అలర్జీ రావచ్చన్న హెచ్చరిక కూడా దాని మీద ఉంది. కాబట్టి వెలగలేదు కాబట్టి క్యాన్సర్ లేదు అని ఏ సర్జనూ అనకూడదు, మీరూ అనుకోకూడదు.

క్యాన్సర్‌నే వెలిగించే మందులు వేరే అవయవాల్లో ముందుగా వచ్చాయి. మీరు అడగలేదు గానీ ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుంది. మెదడులో వచ్చే గ్లయోమా అనే గడ్డకు (ట్యూమర్) ఫైవ్-ఏఎల్‌ఏ అనే మందును ఆపరేషన్‌కు సుమారు 3 గంటల ముందు నీళ్లలో కలిపి తాగిస్తారు. కణాలు దాన్నుంచి ఒక రంగు పదార్థం తయారుచేసుకుంటాయి. ట్యూమర్‌లో అది పోగుపడి, నీలి వెలుగు కింద నిప్పుకణికలా ఎర్రగా కనబడుతుంది. 2006లో జర్మనీ సర్జన్ల ట్రయల్‌లో ఈ వెలుగుతో చేసినవాళ్లలో 65 శాతం మందికి స్కాన్‌లో కనబడే ట్యూమర్ మొత్తం తీయగలిగారు, మామూలు లైటుతో 36 శాతం మందికే. అయినా వెలిగిన ప్రతి చోటా కోయడానికి లేదు. మాట, చేయి కదిపే భాగంలోకి వెలుగు వెళ్తే సర్జన్ అక్కడ ఆగిపోతాడు. ఆ మందు తాగినవాళ్లు ఒకటి రెండు రోజులు ఎండ, గట్టి లైట్లు తగలకుండా ఉండాలి. చెన్నై ఎండలో మంచం కిటికీ పక్కన ఉంటే మార్పించుకోండి, కర్టెన్ ఒక్కటీ చాలదు. అండాశయ క్యాన్సర్‌కు 2021లో, ఊపిరితిత్తులకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చిన పాఫోలాసియానిన్ అనే మందు క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే ఫోలేట్ రిసెప్టర్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని వెలుగుతుంది.

కాలేయం కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందు కాలేయం ఎంత బాగా పనిచేస్తోందో కొలవడానికి రోగులకు ఐసీజీ ఇచ్చేవారు. కాలేయం దాన్ని పట్టుకుని పిత్తంలోకి పంపేస్తుంది, మంచి కాలేయంలో మిగలదు. జపాన్‌లో ఆపరేషన్ రోజున కెమెరా పెట్టి చూస్తే కాలేయం నల్లగా ఉండి ట్యూమర్ మాత్రం వెలుగుతోంది. ట్యూమర్ కణాలు మందును పీల్చుకున్నాయి గానీ బయటికి పంపే దారి వాటికి లేదు. ఇషిజావా బృందం 2009లో దీన్ని ప్రచురించింది. అంటే అదే ఐసీజీ రొమ్ములో దారిని చూపిస్తుంది, కాలేయంలో ట్యూమర్‌నే చూపిస్తుంది. అయితే సిర్రోసిస్ వచ్చి, అంటే మచ్చలు పడి గట్టిపడిన కాలేయంలో క్యాన్సర్ కాని గడ్డలు కూడా వెలుగుతాయి, అక్కడ మళ్లీ పాథాలజిస్టే దిక్కు. పేగు ఆపరేషన్లలో అతికే చోటికి రక్తం బాగా వస్తోందా అని చూడటానికి కూడా ఐసీజీ వాడతారు. దానివల్ల లీకులు తగ్గుతాయా అన్న విషయంలో ట్రయల్స్ ఒకే మాట చెప్పడం లేదు.

ఇప్పుడు రొయ్యల విషయం. రొయ్యలు తింటే దద్దుర్లు వచ్చేది వాటిలోని ప్రోటీన్ వల్ల, అయోడిన్ వల్ల కాదు. కాబట్టి రొయ్యలు పడనంత మాత్రాన ఐసీజీ పడదని కాదు. అయితే ఐసీజీ సీసాలో కొద్దిగా సోడియం అయోడైడ్ ఉండే మాట నిజం. అమ్మగారికి ఎప్పుడైనా సీటీ స్కాన్ ఇంజెక్షన్‌తో గానీ, అయోడిన్ మందుతో గానీ ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం లాంటివి జరిగాయా? జరిగి ఉంటే సర్జన్‌కూ, మత్తు డాక్టర్‌కూ ఇద్దరికీ చెప్పండి. థైరాయిడ్ టాబ్లెట్ వేసుకుంటుంటే అదీ చెప్పండి. ఐసీజీతో తీవ్రమైన అలర్జీ చాలా అరుదు, కానీ అరుదైనది కూడా ముందే తెలిస్తే సిద్ధంగా ఉంటాం. నీలం మందు వాడేటట్టైతే డిప్రెషన్‌కు గానీ, నిద్ర పట్టడానికని గానీ ఏమైనా టాబ్లెట్లు వాడుతున్నారా అన్నది తప్పకుండా చెప్పాలి, కొన్నిటికీ మిథిలీన్ బ్లూకీ పడదు. నీలం మందు తర్వాత మూత్రం ఒకటి రెండు రోజులు ఆకుపచ్చగా, నీలంగా వస్తుంది. రొమ్ము మీద నీలం మచ్చ కొన్ని నెలలు ఉండవచ్చు. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ కాసేపు తక్కువ చూపిస్తుంది, మత్తు డాక్టర్లకు అది తెలుసు.

ఇంకొక్క మాట, ఇది మీ ఖర్చుకూ నిర్ణయానికీ నేరుగా సంబంధం ఉన్నది. 2023లో మిలాన్‌లోని యూరోపియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆంకాలజీ వాళ్లు సౌండ్ అనే ట్రయల్ ఫలితాలు ప్రచురించారు. గడ్డ 2 సెం.మీ. లోపు ఉండి, చంక అల్ట్రాసౌండ్‌లో బిళ్లలు బాగానే కనిపించిన ఆడవాళ్లు 1,405 మంది. సగం మందికి సెంటినల్ నోడ్ తీశారు, సగం మందికి చంక ముట్టుకోలేదు. ఐదేళ్ల తర్వాత దూరపు అవయవాలకు పాకని వాళ్లు బిళ్ల తీసినవాళ్లలో 97.7 శాతం, చంక ముట్టుకోనివాళ్లలో 98.0 శాతం. అంటే అమ్మగారి లాంటి కొందరికి ఏ మందూ, ఏ కెమెరా అక్కర్లేకుండా చంకను వదిలేయడం గురించి కూడా సర్జన్‌తో మాట్లాడవచ్చు. అందరికీ వర్తించదు. గడ్డ రకం, క్యాన్సర్ కణాల్లో హార్మోన్ రిసెప్టర్లు (ఈఆర్, పీఆర్), హెర్2 అనే ప్రోటీన్ ఉన్నాయా, తర్వాత ఇవ్వబోయే చికిత్స, ఇవన్నీ చూడాలి. బిళ్లలో క్యాన్సర్ ఉందో లేదో తెలిస్తేనే కీమో నిర్ణయం మారే సందర్భాల్లో బిళ్ల తీయాల్సిందే.

అందుకే రేపు హాస్పిటల్‌కు వెళ్లేటప్పుడు చంక అల్ట్రాసౌండ్ రిపోర్టు చేతిలో పెట్టుకుని, "చంక ముట్టుకోవడం అవసరమా, అవసరమైతే ఏ మందుతో, బిళ్ల దొరకకపోతే తర్వాత ఏం చేస్తారు" అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఆ రిపోర్టులో చంక బిళ్లల గురించి రాసిన రెండు లైన్లు, బయాప్సీలోని ఈఆర్, పీఆర్, హెర్2 వివరాలు ఇక్కడ రాయండి. పేరు, నంబర్లు కనబడకుండా చూసుకోండి. రాత్రి డ్యూటీ అయ్యాక చూసి చెప్తాను.